మాతృసంస్థ - అనుబంధ సంస్థ: నియంత్రణ, బాధ్యతల విమర్శనాత్మక పరిశీలన (చందుర్తి పరిసర ప్రాంతం ఆధారంగా)

వ్యాససంగ్రహం

మాతృసంస్థ తన అనుబంధ సంస్థను ఎలా నడిపిస్తుందన్న ప్రశ్నకు కంపెనీ చట్టం వాటాల శాతంతో, నిర్వహణశాస్త్రం కేంద్ర కార్యాలయపు పనితీరుతో సమాధానం చెబుతాయి. ఈ రెండు సమాధానాలలోనూ అనుబంధ సంస్థ మీద ఆధారపడి బతికే రైతుకు, వినియోగదారునికి చోటు లేదు. చందుర్తికి ఇరువైపులా ఉన్న జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రాంతాలలో మూడు సంస్థల అనుభవాన్ని ఈ వ్యాసం పోల్చి చూస్తుంది. అవి ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ, ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ, సిరిసిల్ల సహకార విద్యుత్ సరఫరా సంఘం. నియంత్రణ వాటాలో కన్నా ధర, నియామకం, అనుమతి అనే మూడు అధికారాలలో ఎక్కువగా ఉంటుందని, ఆ అధికారాల నుండి బాధ్యత విడిపోయిన చోట నష్టం అట్టడుగువారి మీద పడుతుందని నిరూపించడం దీని ఉద్దేశం.

కీలకపదాలు: మాతృసంస్థ, అనుబంధ సంస్థ, నియంత్రణ, బాధ్యత, విద్యుత్ పంపిణీ, ముత్యంపేట, సెస్, సహకార సంఘం.

1. ప్రవేశిక

చందుర్తి రాజన్న సిరిసిల్ల జిల్లాలో ఒక మండల కేంద్రం. దక్షిణానికి వెళితే వేములవాడ, సిరిసిల్ల వస్తాయి. ఉత్తరానికి రుద్రంగి, కథలాపూర్ దాటితే కోరుట్ల వస్తుంది. 2016 అక్టోబర్ 11న జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగే వరకు ఇదంతా కరీంనగర్ జిల్లాయే. నేల తీరు, పంటల తీరు, బావుల మీద ఆధారపడిన సేద్యం దాదాపు ఒక్కటే. అయినా ఈ దారిలో ఒకచోట కరెంటు బిల్లు మీద సంస్థ పేరు మారిపోతుంది. చందుర్తి, సిరిసిల్ల పల్లెలకు విద్యుత్తు అందించేది వినియోగదారులే సభ్యులుగా ఉన్న సహకార సంఘం. జగిత్యాల, కోరుట్ల పల్లెలకు అందించేది హనుమకొండ కేంద్రంగా పనిచేసే ప్రభుత్వ కంపెనీ. ఆ కంపెనీ మరొక ప్రభుత్వ కంపెనీకి అనుబంధ సంస్థగా పుట్టింది. కోరుట్ల దాటి మెట్‌పల్లి వైపు వెళితే మల్లాపూర్ మండలం ముత్యంపేటలో మూతపడిన చక్కెర ఫ్యాక్టరీ ఉంది. ఒకప్పుడు ప్రభుత్వ సంస్థలో విభాగమైన ఈ ఫ్యాక్టరీ తరువాత ఉమ్మడి కంపెనీ చేతికి వెళ్లింది.

ఇలా ఒకే ప్రాంతంలో మూడు రకాల యాజమాన్య సంబంధాలు పక్కపక్కనే కనిపిస్తాయి. మాతృసంస్థల నియంత్రణ గురించిన చర్చ సాధారణంగా బహుళజాతి కంపెనీల చుట్టూ తిరుగుతుంది. ఆ చర్చలోని భావనలు ఈ పల్లెల అనుభవం ముందు ఎంతవరకు నిలుస్తాయో చూడటం అవసరం.

2. చట్టం దృష్టిలో నియంత్రణ

కంపెనీల చట్టం, 2013లోని సెక్షన్ 2(87) అనుబంధ సంస్థను నిర్వచిస్తుంది. ఒక కంపెనీ మరొక కంపెనీ డైరెక్టర్ల బోర్డు కూర్పును నియంత్రించగలిగినా, సగానికి మించిన ఓటు బలాన్ని కలిగి ఉన్నా మొదటిది మాతృసంస్థ, రెండవది అనుబంధ సంస్థ అవుతాయి. 1956 చట్టంలోని సెక్షన్ 4 కూడా ప్రధానంగా ఈ రెండు కొలతలనే వాడింది. ఓటు బలం కనీసం 20 శాతం ఉండి సగానికి మించకపోతే అటువంటి సంస్థను 2013 చట్టం సహచర కంపెనీగా పరిగణిస్తుంది. సెక్షన్ 2(27) మరికొంత ముందుకు వెళ్లి, వాటాల ద్వారానే కాక ఒప్పందాల ద్వారా, నిర్వహణ హక్కుల ద్వారా విధాన నిర్ణయాలను శాసించగలగడాన్ని కూడా నియంత్రణగానే గుర్తించింది. మాతృసంస్థ తన లెక్కలతో అనుబంధ సంస్థల లెక్కలను కలిపి చూపాలని సెక్షన్ 129(3) నిర్దేశిస్తుంది.

అయితే నియంత్రణను ఇంత వివరంగా గుర్తించిన చట్టం బాధ్యత దగ్గరికి వచ్చేసరికి రెండు సంస్థలనూ వేరువేరు వ్యక్తులుగా చూస్తుంది. 1896లో ఇంగ్లండులో తీర్పు వెలువడిన సాలమన్ కేసు నుండి ఈ సూత్రం స్థిరపడింది. 2012లో వోడాఫోన్ కేసులో భారత సుప్రీంకోర్టు కూడా మాతృసంస్థ, అనుబంధ సంస్థ వేర్వేరు చట్టబద్ధ వ్యక్తులన్న సూత్రాన్ని సమర్థించింది. కంపెనీ ముసుగు తొలగించి వెనుక ఉన్నవారిని చూడటం ప్రత్యేక సందర్భాలకే పరిమితమైంది.

ఈ వ్యత్యాసపు పరిణామం భోపాల్‌లో అత్యంత విషాదకరంగా బయటపడింది. యూనియన్ కార్బైడ్ ఇండియాలో అమెరికా మాతృసంస్థ వాటా 50.9 శాతం. చట్టం ప్రకారం అది నిస్సందేహంగా అనుబంధ సంస్థే. అయినా 1984 డిసెంబరు 2-3 రాత్రి జరిగిన విషవాయు ప్రమాదం తరువాత భారతీయ కంపెనీ స్వతంత్ర సంస్థ అన్న వాదననే మాతృసంస్థ ముందుకు తెచ్చింది. 1989లో 47 కోట్ల డాలర్ల పరిష్కారంతో సివిల్ వ్యాజ్యం ముగిసింది గాని, మాతృసంస్థ బాధ్యత ఎంత అన్న మూలప్రశ్నకు తీర్పు రాలేదు. సగానికి మించిన వాటా లాభంలో హక్కును ఇచ్చినంత సులభంగా నష్టంలో బాధ్యతను నిర్ణయించలేదు.

3. నిర్వహణశాస్త్రం దృష్టిలో నియంత్రణ

నిర్వహణశాస్త్రం ఈ సంబంధాన్ని వేరే కోణంలో చూసింది. మైకేల్ గూల్డ్, ఆండ్రూ క్యాంప్‌బెల్ 1987లో ప్రచురించిన అధ్యయనంలో కేంద్ర కార్యాలయాలు అనుబంధ విభాగాలను నడిపే పద్ధతులను ప్రధానంగా మూడు రకాలుగా వర్గీకరించారు. మొదటి పద్ధతిలో కేంద్రం వ్యూహరచనలోనే పాల్గొంటుంది. రెండవ పద్ధతిలో వ్యూహాన్ని విభాగానికి వదిలి, దాని అమలును సమీక్షిస్తుంది. మూడవ పద్ధతిలో ఆర్థిక లక్ష్యాలు విధించి ఫలితాలను మాత్రమే చూస్తుంది.

ఈ వర్గీకరణ ఉపయోగకరమైనదే. పెట్టుబడి అనుమతి ఎవరిది, బడ్జెట్టు ఎవరు ఆమోదిస్తారు, ముఖ్య అధికారిని ఎవరు నియమిస్తారు అన్న ప్రశ్నలను అది స్పష్టం చేస్తుంది. దాని పరిమితి కూడా ఇక్కడే ఉంది. అది కేంద్ర కార్యాలయపు కిటికీ నుండి చూసిన దృశ్యం. ఆ దృశ్యంలో ఇద్దరే ఉంటారు: నియంత్రించేవారు, నియంత్రణకు లోబడేవారు. అనుబంధ సంస్థకు చెరకు తోలే రైతు, దాని తీగల మీద ఆధారపడిన మరమగ్గం కార్మికుడు అందులో కనిపించరు. కేంద్రానికి ఒక విభాగాన్ని మూసివేయడం పెట్టుబడి నిర్ణయం. ఆ విభాగం చుట్టూ ఉన్న గ్రామాలకు అది పంటమార్పిడి, వలస, అప్పు. అందువల్ల ఏ నియంత్రణ పద్ధతి సమర్థమైనదన్న ప్రశ్నకు ముందు, విఫలమైతే మూల్యం ఎవరు చెల్లిస్తారన్న ప్రశ్నను నిలపాలి.

4. ఉత్తర విద్యుత్ పంపిణీ సంస్థ: ధర ద్వారా నియంత్రణ

1998 నాటి ఆంధ్రప్రదేశ్ విద్యుత్ సంస్కరణల చట్టం ఫలితంగా 1999 ఫిబ్రవరి 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు రెండుగా విడిపోయింది. ఉత్పత్తి ఏపీ జెన్‌కోకు, ప్రసారం, పంపిణీ ఏపీ ట్రాన్స్‌కోకు వెళ్లాయి. 2000 ఏప్రిల్ నుండి పంపిణీ బాధ్యత నాలుగు కొత్త కంపెనీలకు బదిలీ అయింది. జగిత్యాల, కోరుట్లలతో కూడిన ఉత్తర తెలంగాణ ఏపీ ఎన్‌పీడీసీఎల్ పరిధిలోకి వచ్చింది. తొలుత ఈ నాలుగూ ఏపీ ట్రాన్స్‌కోకు పూర్తి యాజమాన్యంలోని అనుబంధ సంస్థలు.

కాగితం మీద ప్రతి పంపిణీ సంస్థకూ సొంత బోర్డు, సొంత లెక్కలు, సొంత లైసెన్సు ఉన్నాయి. వాస్తవానికి వాటి వ్యయంలో సింహభాగం విద్యుత్ కొనుగోలే. ఆ విద్యుత్తును అమ్మేది మాతృసంస్థ ఒక్కటే. ఉత్పత్తిదారుల వద్ద కొన్న కరెంటును ట్రాన్స్‌కో తన అనుబంధ సంస్థలకు టోకు సరఫరా ధరకు అమ్మేది. ట్రాన్స్‌కో ప్రతిపాదనలపై విద్యుత్ నియంత్రణ మండలి ఆ ధరను నిర్ణయించేది. చిల్లర ధర కూడా మండలి నిర్ణయమే. కొనే ధర, అమ్మే ధర రెండూ తన చేతిలో లేని కంపెనీకి మిగిలేది లైన్ నష్టాలు తగ్గించడం, చౌర్యాన్ని అరికట్టడం, బకాయిలు వసూలు చేయడం. ఎన్‌పీడీసీఎల్ సమర్థతను లాభనష్టాలతో కొలవడం ఈ కారణంగానే తప్పుదారి పట్టించే కొలత. దాని లాభమైనా నష్టమైనా చాలావరకు హైదరాబాదులో తయారయ్యేది.

దీనికి మరో పార్శ్వం ఉంది. వ్యవసాయ పంపుసెట్ల భారం ఎక్కువగా ఉండి, పరిశ్రమల ఆదాయం తక్కువగా ఉన్న ఉత్తర ప్రాంతాన్ని రాజధాని ఆదాయమున్న కేంద్ర పంపిణీ సంస్థతో సమానంగా చూడటం సాధ్యం కాదు. కాబట్టి పంపిణీ సంస్థల మధ్య టోకు ధరలలో తేడాలు పాటించారు. సంపన్న అనుబంధ సంస్థ భారాన్ని మోస్తే పేద అనుబంధ సంస్థ నిలబడింది. కేంద్రీకృత నియంత్రణ ఎల్లవేళలా దోపిడి కాదని ఈ ఉదాహరణ చెబుతుంది. అయితే ఆ సర్దుబాటు కోరుట్ల రైతుకు కనిపించే రూపంలో ఎప్పుడూ లేదు. కనిపించని సహాయం హక్కుగా మారదు.

2003 విద్యుత్ చట్టంలోని సెక్షన్ 39 రాష్ట్ర ప్రసార సంస్థ విద్యుత్ వ్యాపారం చేయకూడదని నిషేధించింది. దానితో 2005 జూన్‌లో ట్రాన్స్‌కో కొనుగోలు ఒప్పందాలు పంపిణీ సంస్థలకు బదిలీ అయ్యాయి. ఉత్తర సంస్థకు కూడా అందులో వాటా దక్కింది. రాష్ట్ర విభజన తరువాత తెలంగాణ విద్యుత్తులో ఆ సంస్థ వాటా 29.45 శాతంగా స్థిరపడింది. మాతృసంస్థ అమ్మకందారుగా తప్పుకున్నా, ఎవరికి ఎంత శాతమన్నది ప్రభుత్వ ఉత్తర్వుతోనే తేలింది. కొనుగోళ్ల సమన్వయం ఉమ్మడి కమిటీ చేతిలోనే ఉంది. యాజమాన్య రూపం మారినంత మాత్రాన నియంత్రణ మారదన్నది ఇక్కడ గ్రహించవలసిన విషయం.

5. ముత్యంపేట: రెండు శాతం దూరం

నిజాం కాలంలో 1937లో బోధన్ వద్ద స్థాపితమైన నిజాం షుగర్స్ తరువాతి కాలంలో పలు యూనిట్లున్న ప్రభుత్వ సంస్థగా విస్తరించింది. ముత్యంపేట యూనిట్ వాటిలో ఒకటి. 2002లో బోధన్, ముత్యంపేట, మెదక్ యూనిట్లతో నిజాం దక్కన్ షుగర్స్ లిమిటెడ్ అనే ఉమ్మడి కంపెనీ ఏర్పడింది. అందులో ప్రైవేటు భాగస్వామికి 51 శాతం, ప్రభుత్వ పక్షానికి 49 శాతం.

49కీ 51కీ మధ్య ఉన్నది రెండు శాతమే. చట్టం దృష్టిలో ఆ రెండు శాతం ఒక గోడ. నాడు అమలులో ఉన్న 1956 చట్టంలోని సెక్షన్ 617 ప్రకారం ప్రభుత్వ వాటా 51 శాతానికి తగ్గని కంపెనీయే ప్రభుత్వ కంపెనీ. ప్రభుత్వ కంపెనీ అయితే సెక్షన్ 619 కింద కంప్ట్రోలర్ అండ్ ఆడిటర్ జనరల్ పర్యవేక్షణ ఉంటుంది. సెక్షన్ 619ఎ కింద వార్షిక నివేదిక శాసనసభ ముందుకు రావాలి. 49 శాతం వద్ద ఈ రెండు తలుపులూ మూసుకుపోతాయి. ప్రభుత్వ పక్షానికి దాదాపు సగం పెట్టుబడి మిగిలింది. ఆ పెట్టుబడి సంగతి ఏమైందని ప్రజాప్రతినిధులు ఏటా అడిగే చట్టబద్ధమైన సందర్భం మాత్రం మిగలలేదు. తరువాత ఈ ప్రైవేటీకరణను పరిశీలించడానికి శాసనసభ ప్రత్యేకంగా సభాసంఘాన్ని నియమించవలసి వచ్చిందంటే, సాధారణ మార్గం లేకపోవడం అందుకు ఒక కారణం.

చెరకు రైతు స్థానం మరింత విచిత్రం. చెరకు సరఫరాకు సంబంధించిన చట్టాల కింద ఒక్కో ఫ్యాక్టరీకి పరిసర గ్రామాలను జోన్‌గా కేటాయిస్తారు. కోసిన చెరకు నిలవ ఉండదు. రోజులు గడిచేకొద్దీ బరువూ తగ్గుతుంది, చక్కెర శాతమూ తగ్గుతుంది. అందువల్ల దగ్గరి ఫ్యాక్టరీతో రైతుకు ఉన్న బంధం వాటాదారుని బంధం కంటే గట్టిది. వాటాదారుడు వాటా అమ్ముకుని వెళ్లిపోగలడు. కార్శి పంట నిలిచి ఉన్న రైతు అలా వెళ్లలేడు. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకు అందిన 14 రోజులలో డబ్బు చెల్లించాలి. ఆలస్యమైతే ఏడాదికి 15 శాతం వడ్డీ ఇవ్వాలి. రైతుకు ధర మీద రక్షణ ఉంది, గడువు మీద రక్షణ ఉంది. ఫ్యాక్టరీ నడవాలా వద్దా అన్న నిర్ణయం మీద మాత్రం ఏ అధికారమూ లేదు.

ఆ నిర్ణయం 2015 డిసెంబరు 23న లేఆఫ్ రూపంలో వచ్చింది. మూడు యూనిట్లూ నిలిచిపోయాయి. ముత్యంపేట చుట్టుపక్కల చెరకు దూరపు ఫ్యాక్టరీలకు తరలవలసి వచ్చింది. తరువాత వ్యవహారం జాతీయ కంపెనీ లా ట్రిబ్యునల్‌కు చేరి, 2019లో లిక్విడేషన్ ఆదేశాల వరకు వెళ్లింది. 2016 దివాలా స్మృతిలోని సెక్షన్ 53 చెల్లింపుల వరుసను నిర్దేశిస్తుంది. హామీ ఉన్న రుణదాతలు, 24 నెలల వరకు కార్మికుల బకాయిలు ముందు వరుసలో ఉంటాయి. సరుకు అరువిచ్చినవారు చాలా వెనుక నిలుస్తారు. చెరకు తోలి డబ్బు రావలసిన రైతును ఈ స్మృతి అటువంటి రుణదాతగానే చూస్తుంది. గడువులోగా చెల్లింపు జరగాలని ఒక చట్టం చెప్పిన రైతును, కంపెనీ కూలినప్పుడు మరో చట్టం వెనుకకు నెట్టింది.

రైతులే సహకార పద్ధతిలో ఫ్యాక్టరీలను నడుపుకోవాలన్న ప్రతిపాదన కూడా ఈ క్రమంలో వచ్చింది. సూత్రంగా దానిని తప్పుపట్టలేం. అయితే ఫ్యాక్టరీ నడుస్తున్న కాలంలో బోర్డులో ఒక్క స్థానం కూడా హక్కుగా లేని రైతుకు, అప్పులతో నిలిచిపోయిన తరువాత యాజమాన్యం చూపడం అధికారం లేకుండానే బాధ్యతను బదిలీ చేయడమవుతుంది. 2024 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం పునరుద్ధరణ కోసం మంత్రి శ్రీధర్‌బాబు అధ్యక్షతన కమిటీని నియమించింది. యంత్రాల మరమ్మతుతో, బ్యాంకుల బకాయిలతో పాటు భవిష్యత్తులో మూసివేత నిర్ణయంలో రైతు మాట చెల్లుతుందా అన్న ప్రశ్న కూడా పునరుద్ధరణలో భాగం కావాలి.

6. సిరిసిల్ల సెస్: మాతృసంస్థ లేని నియంత్రణ

రైతులు నడిపే సంస్థ ఎలా ఉంటుందో తెలుసుకోవడానికి ముత్యంపేట నుండి దూరం వెళ్లనవసరం లేదు. 1969లో ఏర్పడిన గ్రామీణ విద్యుదీకరణ కార్పొరేషన్ దేశంలో ప్రయోగాత్మకంగా ఐదు గ్రామీణ విద్యుత్ సహకార సంఘాలను ప్రోత్సహించింది. మహారాష్ట్రలోని ముళా-ప్రవర, కర్ణాటకలోని హుక్కేరి, గుజరాత్‌లోని కోడినార్, ఉత్తరప్రదేశ్‌లోని లక్నో సంఘాలతో పాటు సిరిసిల్ల ఐదవది. సెస్ అన్న పేరుతో స్థానికులకు పరిచితమైన ఈ సంఘం 1970 నుండి పనిచేస్తోంది. నేడు తెలంగాణలో మిగిలిన ఏకైక విద్యుత్ సహకార సంఘం ఇదే. చందుర్తితో సహా పరిధిలోని మండలాల, పట్టణాల నుండి సభ్యులు డైరెక్టర్లను ఎన్నుకుంటారు.

సెస్‌కు వాటాలు కలిగిన మాతృసంస్థ లేదు. చట్టపు నిర్వచనాల ప్రకారం అది ఎవరికీ అనుబంధం కాదు. కాని ధర, అనుమతి, నియామకం అన్న మూడు కొలతలతో చూస్తే పరిస్థితి వేరు. సంఘం విద్యుత్తును ఉత్పత్తి చేయదు. ఉత్తర పంపిణీ సంస్థ నుండి కొంటుంది. ఆ ధరను నియంత్రణ మండలి నిర్ణయిస్తుంది. పంపిణీ చేసే అధికారం కూడా మండలి ఇచ్చే లైసెన్సు మినహాయింపు మీద ఆధారపడి ఉంటుంది. సహకార సంఘాల చట్టం, 1964 కింద ఎన్నికైన పాలకవర్గం లేనప్పుడు పర్సన్ ఇన్‌చార్జిని నియమించే అధికారం రిజిస్ట్రారుకు ఉంది. 2022 డిసెంబరులో పాలకవర్గ ఎన్నికలు జరగడానికి ముందు కొంతకాలం సంఘం ఎన్నికైన పాలకవర్గం లేకుండానే నడిచింది.

సిరిసిల్ల మరమగ్గాలకు, వ్యవసాయానికి ఇచ్చే విద్యుత్ రాయితీలు కూడా ప్రభుత్వ విధాన నిర్ణయాలే. రాయితీ ప్రకటించేది ఒకరు, దానిని బిల్లులో అమలు చేసేది మరొకరు. తిరిగి చెల్లింపు ఆలస్యమైతే లోటు సంఘం ఖాతాలో పడుతుంది. ఆ లోటు టోకు కొనుగోలు బకాయిగా మారితే సంఘం మనుగడే ప్రశ్నార్థకమవుతుంది. ముళా-ప్రవర సంఘం టోకు విద్యుత్ బకాయిలు పేరుకుపోయిన స్థితిలో 2011లో తన పంపిణీ ప్రాంతాన్ని రాష్ట్ర పంపిణీ సంస్థకు కోల్పోయింది. ఒక్క వాటా కూడా కొనకుండా ఒక సంస్థను పూర్తిగా స్వాధీనం చేసుకోవచ్చని ఆ ఉదంతం నిరూపించింది.

ఇన్ని పరిమితుల మధ్య కూడా సెస్‌కు ఒక విలువ ఉంది. చందుర్తి రైతు ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతే అడగడానికి ఓటు వేసి గెలిపించిన డైరెక్టర్ ఉంటాడు. ఆ డైరెక్టర్ పక్షపాతి కావచ్చు, పార్టీ రాజకీయాలలో మునిగి ఉండవచ్చు. సహకార ఎన్నికలు పార్టీల బలపరీక్షలుగా మారడం వాస్తవమే. అయినా మళ్లీ ఓటు అడగడానికి రావలసినవాడు. ఉత్తర పంపిణీ సంస్థలోనూ ఫిర్యాదుల పరిష్కార వేదిక ఉంది, నియంత్రణ మండలి బహిరంగ విచారణలు ఉన్నాయి. అక్కడ వినియోగదారుడు అర్జీదారుడు. సెస్‌లో సభ్యుడు. ముత్యంపేటలో రైతు ఈ రెండూ కాలేకపోయాడు.

7. పోలిక, విమర్శ

మూడు సంస్థలనూ పక్కపక్కన పెడితే చట్టపు నిర్వచనాల కొరత తెలుస్తుంది. పూర్తి వాటా ఉన్న చోట, అంటే ఉత్తర పంపిణీ సంస్థ విషయంలో, నియంత్రణ వాటా ద్వారా కన్నా టోకు ధర ద్వారానే పనిచేసింది. 49 శాతం ఉన్న ముత్యంపేటలో ప్రభుత్వ పక్షం పెట్టుబడిని నిలుపుకొని పర్యవేక్షణను వదులుకుంది. వాటా అసలే లేని సెస్ విషయంలో ధర, అనుమతి, తాత్కాలిక నియామకం అనే మార్గాల ద్వారా ప్రభుత్వ నియంత్రణ నిలిచింది. వాటా శాతం నియంత్రణకు నమ్మదగిన సూచిక కాదని ఈ మూడూ వేర్వేరు దిశల నుండి చెబుతున్నాయి.

దీనికి ఒక అభ్యంతరం రావచ్చు. ధర నిర్ణయించేది స్వతంత్ర నియంత్రణ మండలి కాబట్టి దానిని యజమాని నియంత్రణతో కలపరాదని అనవచ్చు. ఈ అభ్యంతరంలో బలం ఉంది. మండలి బహిరంగ విచారణ జరుపుతుంది, కారణాలు రాస్తుంది. మాతృసంస్థ బోర్డుకు ఆ అవసరం లేదు. అయితే ఇక్కడి వాదన మండలినీ మాతృసంస్థనూ ఒకటి చేయడం కాదు. సంస్థ భవితవ్యాన్ని తేల్చే అధికారాలు ఎక్కడెక్కడ ఉన్నాయో ముందు గుర్తించాలని, ఆ తరువాత ప్రతి అధికారానికీ తగిన జవాబుదారీ ఉందో లేదో చూడాలని మాత్రమే. ఆ వెతుకులాటలో మండలి విచారణ ఒక మంచి నమూనాగానే తేలుతుంది.

8. ముగింపు

1. మాతృసంస్థ - అనుబంధ సంస్థల అధ్యయనంలో వాటాల పట్టికతో ఆగకుండా ధర నిర్ణయం, నియామకం, అనుమతి అనే మూడు అధికారాలు ఎవరి చేతిలో ఉన్నాయో పరిశీలించాలి.

2. చట్టం నియంత్రణను విస్తృతంగా, బాధ్యతను సంకుచితంగా గుర్తిస్తోంది. భోపాల్‌లో 50.9 శాతం, ముత్యంపేటలో 49 శాతం ఈ లోపానికి రెండు వైపులు.

3. ప్రభుత్వం గణనీయమైన వాటా నిలుపుకున్న ఉమ్మడి కంపెనీలకు, వాటా 51 శాతం కంటే తక్కువైనా, శాసనసభ ముందు వార్షిక నివేదిక సమర్పించే నియమం అవసరం.

4. ఒకే ఫ్యాక్టరీతో ముడిపడిన చెరకు రైతులకు మూసివేత నిర్ణయంలో వినిపించుకునే హక్కు, దివాలా చెల్లింపులలో మెరుగైన స్థానం ఉండాలి.

5. సెస్ వంటి సంఘాల స్వయంప్రతిపత్తి ఎన్నికలతోనే పూర్తి కాదు. రాయితీల సొమ్ము సకాలంలో అందడం, టోకు ధర నిర్ణయంలో సంఘం వాదనకు చోటు ఉండటం దానికి ఆధారాలు.

చందుర్తి నుండి ముత్యంపేట వరకు ఉన్న దారిలో ఈ మూడు పాఠాలూ ఒకే రోజు ప్రయాణంలో కనిపిస్తాయి. చందుర్తిలో రైతు సభ్యుడిగా ప్రశ్నిస్తాడు, కోరుట్లలో వినియోగదారుడిగా అర్జీ పెడతాడు, ముత్యంపేటలో మూసిన గేటు బయట నిలబడతాడు. ఆ తేడాకు కారణం సంస్థల రాజ్యాంగంలో ఉంది కాబట్టి, దిద్దుబాటు కూడా అక్కడే మొదలుకావాలి.